ప్రశ్నలు – జవాబులు: ఒలింపిక్ అడవి తీరంలో నడక, బస

వేసవి నడకల గురించి ప్రశ్నలు పంపవలసిందని కోరితే, వచ్చిన ఉత్తరాలలో సగానికి పైగా ఒకే తీరం గురించి ఉన్నాయి. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రపు పడమటి అంచున, ఒలింపిక్ నేషనల్ పార్కులో భాగంగా, 73 మైళ్ల (సుమారు 117 కిలోమీటర్ల) పసిఫిక్ తీరం ఉంది. అందులో అధిక భాగానికి రోడ్డు లేదు. ఒకవైపు సముద్రం, మరొకవైపు దట్టమైన తడి అడవి, మధ్యలో రాళ్లు, కొట్టుకువచ్చిన మానులు, అక్కడక్కడ ఇసుక. సియాటిల్ పరిసరాలలో తెలుగువారు పెరిగిన కొద్దీ అక్కడికి వెళ్లేవారూ పెరిగారు. వారిలో చాలామంది కొండదారులలో నడక నేర్చినవారే కావడం వల్ల, తీరాన్ని కూడా కొండలాగే లెక్కవేస్తున్నారన్నది ఉత్తరాలను బట్టి అర్థమవుతున్నది. అందుచేత సముద్రపు పోటు (నీరు ఎక్కడం), పాటు (నీరు దిగడం) విషయాన్ని ఈసారి కొంత విస్తరించి రాస్తున్నాను.

ప్రశ్న: మేమిద్దరం ఇక్కడే ఉద్యోగాలు చేస్తున్నాము. వీపున బరువుతో కొండదారులలో రోజుకు పన్నెండు మైళ్లు నడిచిన అలవాటు ఉంది. ఓజెట్ నుంచి రియాల్టో బీచ్ వరకు దాదాపు 20 మైళ్లే కాబట్టి శని, ఆదివారాలలో ముగించవచ్చునా? — ఒక పాఠకురాలు, రెడ్‌మండ్

జవాబు: కాళ్ల బలాన్ని బట్టి చూస్తే ముగించవచ్చు. కానీ అక్కడ రోజుకు ఎంత దూరం నడవాలో నిర్ణయించేది కాళ్లు కావు, నీటి మట్టం. ఆ దారిలో సముద్రంలోకి చొచ్చుకువచ్చిన కొండకొమ్ములు చాలా ఉన్నాయి. వాటిలో కొన్నింటి మీదుగా అడవిలోంచి దారి వేశారు. ఆ దారి మొదలయ్యేచోట చెట్టుకు ఎరుపు, నలుపు వలయాలున్న గుండ్రని పలక కనిపిస్తుంది. మిగిలిన కొమ్ములను మాత్రం నీరు తగ్గినప్పుడు అంచు వెంబడి చుట్టి రావడం తప్ప వేరే మార్గం లేదు. నీటి మట్టం ఎన్ని అడుగులకు దిగితే ఏ కొమ్మును దాటవచ్చునో ఆ తీరపు మ్యాపులలో అచ్చువేసి ఉంటుంది. ఆ అంకెను ఆనాటి పోటు పట్టికతో సరిచూసుకున్నప్పుడు గాని మీ నడక ఎన్ని గంటలకు మొదలుకావాలో తేలదు. ఉదయం ఏడు గంటలకు పాటు ఉంటే తెల్లవారకముందే లేచి, టీ కూడా మానుకొని బయలుదేరవలసి రావచ్చు. లేదా ఒక కొమ్ముకు ఇవతల నాలుగైదు గంటలు ఊరికే కూర్చోవలసి రావచ్చు. ఇలా కూర్చునే సమయాన్ని ముందే లెక్కలో వేసుకోనివారే ఆలస్యమైందన్న తొందరలో పోటుకు ఎదురు వెళ్తారు.

పోటు సమంగా పెరగదు. స్థూలంగా చెప్పాలంటే, పాటు నుంచి పోటుకు పట్టే ఆరు గంటలలో మొదటి గంటలో నీరు పెరగవలసిన ఎత్తులో పన్నెండో వంతు మాత్రమే పెరుగుతుంది. రెండో గంటలో రెండు వంతులు, మూడు, నాలుగు గంటలలో మూడేసి వంతులు పెరిగి, ఆ తరువాత మళ్లీ నెమ్మదిస్తుంది. అంటే సగం పెరుగుదల నడిమి రెండు గంటలలోనే జరిగిపోతుంది. పాటు తరువాత గంటసేపు ఏమీ మారనట్టు కనిపించిన తీరం మరో గంటన్నరలో మోకాలి లోతు నీరవుతుందన్నమాట. అందుచేత కొమ్మును ఎప్పుడూ నీరు దిగుతున్నప్పుడే దాటాలి. పాటు ఏడింటికైతే ఆరుకే ఆ కొమ్ము దగ్గర ఉండాలి. ఒకవేళ మధ్యలో కాలు మడతపడినా, దారి తప్పినా, నీరు ఇంకా వెనక్కు పోతూనే ఉంటుంది. పట్టికలోని అంకె అంచనా మాత్రమే. తుపాను గాలి, వాయుపీడనం తగ్గడం వంటివి తోడైతే అసలు నీరు ఆ అంకెను మించి వస్తుంది.

ఇక నడక వేగం. ఉత్తర భాగంలో, ముఖ్యంగా కేప్ జాన్సన్ చుట్టుపక్కల, మైళ్ల కొద్దీ గుండ్రాళ్ల మీద నడవాలి. వాటి మీద పాచి పట్టిన సముద్రపు నాచు ఉంటుంది. కొన్ని రాళ్లు కాలు మోపితే కదులుతాయి. అక్కడ గంటకు ఒక మైలు నడిస్తే బాగా నడిచినట్టే. కాబట్టి ఆ 20 మైళ్లకు కనీసం రెండు రాత్రులు, వీలైతే మూడు రాత్రులు కేటాయించండి. అన్ని రోజులు దొరక్కపోతే దూరమే తగ్గించుకోండి. ఓజెట్ త్రికోణం అని పిలిచే దారి ఉంది: ఓజెట్ సరస్సు నుంచి అడవిలో చెక్కబాట మీద మూడు మైళ్లు నడిస్తే కేప్ అలావా వస్తుంది, అక్కడి నుంచి తీరం వెంట మూడు మైళ్లు దక్షిణంగా నడిస్తే శాండ్ పాయింట్, మళ్లీ మూడు మైళ్ల చెక్కబాట మీదుగా బయలుదేరిన చోటికే చేరవచ్చు. మొత్తం తొమ్మిది మైళ్ల పైచిలుకు. మొదటిసారి వెళ్లేవారికి ఇంతకన్నా మంచి పాఠం లేదని నా అభిప్రాయం. పోటు లెక్క నేర్చుకోవడానికి ఆ నడిమి మూడు మైళ్లు చాలు, ప్రాణం మీదికి వచ్చేంత కష్టమూ ఉండదు. చెక్కబాట తడిసినప్పుడు మాత్రం చాలా జారుతుంది. రాళ్ల మీద పడనివారు కూడా దాని మీద పడుతుంటారు.

రాత్రి బసకు పార్కు అనుమతి తప్పనిసరి. వేసవి శని, ఆదివారాలకు చాలా ముందుగానే ఆన్‌లైన్‌లో తీసుకోవలసి ఉంటుంది.

ప్రశ్న: నేను విశాఖపట్నంలో పదవీ విరమణ చేసి ఉంటున్నాను. మా అబ్బాయి ఆ తీరానికి వెళ్తానంటే పోటు గురించి అడిగాను, ఫోనులో యాప్ ఉందన్నాడు. మా జాలరిపేటలో తిథిని బట్టే పోటు చెప్పేవారు. పంచాంగం చూసి అక్కడి పోటును చెప్పడం సాధ్యమా? — ఒక పాఠకులు, విశాఖపట్నం

జవాబు: మీరు అడిగినదానిలో సగం సాధ్యం. అమావాస్య, పౌర్ణమి తిథులలో సూర్యుడు, చంద్రుడు, భూమి దాదాపు ఒకే వరుసలో ఉంటాయి కాబట్టి పోటు బాగా ఎత్తుకు వస్తుంది, పాటు బాగా లోతుకు దిగుతుంది. అష్టమి ప్రాంతంలో రెండింటి మధ్య తేడా తగ్గుతుంది. సాధారణంగా ఆ తిథి గడిచిన ఒకటి రెండు రోజులకు ఆ ప్రభావం పూర్తిగా కనిపిస్తుంది. ఈ నియమం బంగాళాఖాతానికి ఎంత వర్తిస్తుందో పసిఫిక్‌కూ అంతే వర్తిస్తుంది. కాబట్టి మీ అబ్బాయి ప్రయాణం పౌర్ణమికి పడిందా, అష్టమికి పడిందా అని పంచాంగంలో చూసి చెప్పడం నిరుపయోగమేమీ కాదు. పౌర్ణమి అయితే ఉదయపు పాటు లోతుగా దిగి కొండకొమ్ములు దాటడం సులువవుతుంది, కానీ రాత్రి డేరా వేసుకునే చోటు గురించి ఎక్కువ జాగ్రత్త పడాలి.

సాధ్యం కానిది వేళలు చెప్పడం. విశాఖలో రోజుకు రెండు పోట్లు వస్తాయి, వాటి ఎత్తులు ఇంచుమించు సమానం. వాషింగ్టన్ తీరంలోనూ రెండే వస్తాయి గాని అవి సమానంగా ఉండవు. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. పాటులు కూడా అంతే: ఒకటి బాగా దిగుతుంది, రెండోది అంతగా దిగదు. చంద్రుడు భూమధ్యరేఖకు ఉత్తరంగానో దక్షిణంగానో ఎంత దూరం జరిగాడన్నదాన్ని బట్టి ఈ తేడా పెరుగుతూ తరుగుతూ ఉంటుంది. అది తిథిలో కనిపించదు. దీనికి తోడు పోటు రోజురోజుకు సుమారు యాభై నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. అందువల్ల అమెరికా ప్రభుత్వ సంస్థ నోవా, ఆ తీరంలోని లా పుష్ రేవుకు ప్రకటించే పట్టికను కాగితం మీద అచ్చు తీసుకొని జేబులో పెట్టుకోమని మీ అబ్బాయికి చెప్పండి. ఆ తీరంలో చాలాచోట్ల ఫోను పనిచేయదు. యాప్ మీదనే ఆధారపడితే, అది నెట్ లేకుండా తెరుచుకుంటుందో లేదో ఇంటి దగ్గరే పరీక్షించుకోవాలి. ఒక చిన్న మెలిక కూడా ఉంది. వేసవిలో అమెరికాలో గడియారాన్ని గంట ముందుకు జరుపుతారు. కొన్ని అచ్చు పట్టికలు ఆ గంటను కలపకుండానే వేళలు ఇస్తాయి. పట్టిక పైన ఏ కాలమానమో చదవకుండా బయలుదేరితే గంట తేడా వస్తుంది. కొండకొమ్ము దగ్గర గంట చాలా పెద్ద తేడా.

ప్రశ్న: ఇసుక మీదనే డేరా వేసుకోవచ్చునా? సాయంత్రం నీరు ఎంత దూరంలో ఉందో చూసి వేసుకుంటే సరిపోదా? — ఒక పాఠకులు, బెల్‌వ్యూ

జవాబు: సరిపోదు. పై జవాబులో చెప్పిన అసమాన పోట్ల ఫలితం ఇక్కడే తగులుతుంది. ఆ తీరంలో వేసవి రోజులలో లోతైన పాటు సాధారణంగా ఉదయం వస్తుంది. మధ్యాహ్నం చిన్న పోటు, సాయంత్రం చిన్న పాటు, ఆ తరువాత అర్ధరాత్రి ప్రాంతంలో పెద్ద పోటు వస్తాయి. మీరు మధ్యాహ్నం చూసిన తడి గీత ఆ రోజుకు గరిష్ఠమని అనుకొని దానికి పది అడుగులు ఎగువన డేరా వేస్తే, నిద్రలో ఉండగా రెండు మూడడుగుల ఎత్తు ఎక్కువగా నీరు వస్తుంది. చదునైన ఇసుకలో ఆ రెండు మూడడుగులు అంటే చాలా గజాల దూరం. కాబట్టి పట్టికలో ఆ రాత్రి పోటు ఎన్ని అడుగులో చూడండి. ఆ తరువాత తీరంలో నాచు, చెత్త వరుసలుగా పేరుకున్న గీతలలో అన్నిటికన్నా పైనున్నదాన్ని వెతికి, దానికీ ఎగువన, పొడి ఇసుకలో గాని, అడవి అంచున ఇదివరకు డేరాలు వేసిన గట్టినేలలో గాని బస చేయండి.

కొట్టుకువచ్చిన మానుల మీద, వాటి మధ్య డేరా వేయకండి. నదులు అడవిలోంచి మోసుకువచ్చి సముద్రంలో పడవేసిన దేవదారు జాతి చెట్లు అవి. కొన్ని మనిషి ఎత్తును మించిన లావుంటాయి. చీలమండ లోతు నీరు కూడా అంతటి మానును తేల్చి దొర్లించగలదు. పోటు ఎక్కువగా ఉన్నప్పుడు, అలలు పెద్దవిగా ఉన్నప్పుడు ఆ మానులకు, నీటికి మధ్య నిలబడడం ఆ తీరంలో మనుషులు చనిపోయే కారణాలలో ఒకటి. పిల్లలకు అవి ఎక్కి ఆడుకోవాలనిపిస్తుంది. పాటు వేళ, నీరు దూరంగా ఉన్నప్పుడు మాత్రమే అనుమతించండి.

ప్రశ్న: గోధుమరంగు నీరు తాగవచ్చునా? — ఒక విద్యార్థి, పుల్‌మన్

జవాబు: వాగుల నీరు అక్కడ చాయ్ డికాక్షన్ రంగులో ఉంటుంది. అడవి నేలలోని ఆకులు, బెరడు నానడం వల్ల వచ్చే రంగు అది. దానివల్ల హాని లేదు, వడపోసినా పూర్తిగా పోదు. హాని చేసేవి కంటికి కనిపించని జియార్డియా, క్రిప్టోస్పోరిడియం వంటి పరాన్నజీవులు. నీటిని ఒక నిమిషం తెర్లనిచ్చి మరిగించండి, లేదా మంచి ఫిల్టరుతో వడపోయండి. అయోడిన్ బిళ్లలు క్రిప్టోస్పోరిడియం మీద పనిచేయవు కాబట్టి వాటినొక్కటే నమ్ముకోవద్దు. వాగు సముద్రంలో కలిసేచోట కాకుండా, పోటు నీరు చేరని చోటు వరకు ఎగువకు వెళ్లి పట్టుకోండి.

ప్రశ్న: మేము శాకాహారులం. ఎలుగుబంటి డబ్బా తప్పనిసరి అంటున్నారు. ముగ్గురికి మూడు రోజుల భోజనం అందులో ఎలా పడుతుంది? పులిహోర, ఊరగాయ తీసుకుపోవచ్చునా? — ఒక పాఠకురాలు, సమామిష్

జవాబు: ఆ డబ్బా ఎలుగుబంట్లు తెరవలేకుండా తిండి దాచుకోవడానికి తయారైనదే అయినా, తీరంలో దాని అవసరం ఎక్కువగా రకూన్ల వల్ల ఏర్పడింది. ఇవి పిల్లి కన్నా కాస్త పెద్దవి, ముందుకాళ్లను చేతుల్లా వాడగలవు, సంచి జిప్పు తీయడం వాటికి పెద్ద పని కాదు. చెట్టుకు వేలాడదీసిన సంచిని కూడా అందుకుంటాయి కాబట్టి తీరమంతటా గట్టి డబ్బానే వాడాలని పార్కు నియమం పెట్టింది. తిండి ఒక్కటే కాదు. సబ్బు, టూత్‌పేస్టు, ఎండకు రాసుకునే క్రీము, చెత్త, వాసన వచ్చేదేదైనా రాత్రి అందులోనే ఉండాలి. ముగ్గురికి మూడు రోజులకు ఒక్క డబ్బా చాలదు, రెండు తీసుకోండి. మొదటిరోజు మధ్యాహ్న భోజనం డబ్బాలో పట్టనవసరం లేదు కాబట్టి పులిహోర ఆ పూటకు శ్రేష్ఠం. చింతపండు, నూనె ఉన్నందున చెడిపోదు. ఆ తరువాతి పూటలకు నీరు కలిపితే చాలు అన్న పదార్థాలు మేలు. ఉప్మా రవ్వను ఇంట్లోనే తాలింపుతో సహా దోరగా వేయించి పొట్లాలు కట్టుకుంటే, మరిగే నీళ్లు పోసి మూతపెట్టి పది నిమిషాలు ఉంచితే సిద్ధమవుతుంది. అటుకులు, వేయించిన వేరుశెనగలు, కందిపొడి, నెయ్యి, నువ్వుల ఉండలు, ఎండు ఖర్జూరం తక్కువ చోటులో ఎక్కువ బలం ఇస్తాయి. బియ్యం వండడానికి గ్యాసు చాలా ఖర్చవుతుంది. ఊరగాయ వద్దనను గాని, నూనె కారని సీసాలో, ఎంత తింటారో అంతే తీసుకోండి. అప్పడాలు మాత్రం వద్దు. డబ్బాలోంచి పొడిగా తప్ప మరోరకంగా బయటికి రావు.

డబ్బాను రాత్రి డేరాకు దూరంగా, పోటు గీతకు బాగా ఎగువన, రాళ్ల మధ్య దొర్లిపోకుండా పెట్టండి. గుండ్రంగా ఉండడం వల్ల అది దొర్లుతుంది, నీటికి దొరికితే తేలిపోతుంది.

ప్రశ్న: మా కూతురు, అల్లుడు ఏటా అక్కడ డేరాలో పడుకుంటారు. 2004 డిసెంబరు 26న మా ఊళ్లో సముద్రం ఏం చేసిందో చూసినదాన్ని కాబట్టి భయంగా ఉంటుంది. అక్కడా సునామీ వస్తుందా? — ఒక తల్లి, ప్రకాశం జిల్లా తీరగ్రామం

జవాబు: అమ్మా, మీ భయం నిరాధారమైనది కాదు. ఆ తీరానికి ఎదురుగా సముద్రగర్భంలో కాస్కేడియా అనే పలకల సంధి ఉంది. 2004లో సుమత్రా దగ్గర కదిలినదానివంటిదే అది. అక్కడ చివరిసారి మహాభూకంపం 1700 జనవరి 26 రాత్రి సంభవించింది. దాని తీవ్రత 9 ప్రాంతంలో ఉంటుందని శాస్త్రజ్ఞుల అంచనా. అమెరికా తీరంలో అప్పటికి రాతలో చరిత్ర లేదు. అయినా అంత కచ్చితంగా తేదీ తెలిసిందంటే, ఆ అలలు పసిఫిక్ దాటి జపాన్ గ్రామాలను ముంచినప్పుడు అక్కడివారు రాసిపెట్టుకున్న లెక్కల వల్లనే. మళ్లీ ఎప్పుడు వస్తుందో ఎవరూ చెప్పలేరు. లా పుష్‌లో నివసించే క్విల్యూట్ తెగవారు ఎత్తైన నేలకు మారడానికి వీలుగా పార్కు భూమిలో కొంత వారికి బదలాయిస్తూ 2012లో చట్టం చేశారంటే అక్కడి ప్రభుత్వం కూడా దీనిని ఎంత గట్టిగా తీసుకుందో తెలుస్తుంది.

మీ పిల్లలు చేయవలసినది కష్టమైనదేమీ కాదు. డేరా వేసిన వెంటనే, చీకటి పడకముందే, అక్కడి నుంచి ఎత్తుకు ఎక్కే దారి ఏదో కాళ్లతో నడిచి చూసుకోవాలి. తీరం చాలాచోట్ల నిటారు గట్టుతో ముగుస్తుంది కాబట్టి చీకట్లో వెతుక్కుంటే దొరకదు. నేల బలంగా, చాలాసేపు కంపిస్తే ఏ హెచ్చరిక కోసమూ ఎదురుచూడకుండా, సామాను వదిలి, చెప్పులు, దీపం మాత్రం అందుకొని ఎక్కిపోవాలి. మొదటి అల నిమిషాలలోనే రావచ్చు. మొదటి అల పోయిందని వెంటనే దిగరాదని మీకు నేను చెప్పనక్కరలేదు. దూరదేశపు భూకంపమైతే నేల కంపించదు, కానీ అల వస్తుంది. 1964 మార్చిలో అలాస్కా భూకంపం వల్ల పుట్టిన సునామీ రాత్రివేళ ఆరెగాన్ రాష్ట్రంలోని బెవర్లీ బీచ్‌లో నిద్రిస్తున్న ఒక కుటుంబం మీద విరుచుకుపడి నలుగురు పిల్లలను పొట్టనబెట్టుకుంది. ఇటువంటి దానికి ఫోను లేనిచోట ఉపగ్రహం ద్వారా సందేశాలు అందించే చిన్న పరికరమే దిక్కు. దానితో మీ అమ్మాయికి ఇంటి దగ్గరివారు కబురు పంపగలరు. మీరు కానుకగా కొనిపెట్టదగిన వస్తువు అదే. అన్నట్టు, 2011 జపాన్ సునామీలో కొట్టుకుపోయిన మిసావా రేవులోని తేలుడు వేదిక (పడవలు కట్టివేసేది) ఒకటి 2012 డిసెంబరులో ఈ ఒలింపిక్ తీరానికే చేరింది.

ప్రశ్న: మేము బే ఏరియాలో ఉంటాము. అంత దూరం వెళ్లకుండా కాలిఫోర్నియాలోనే అటువంటి తీరం ఉందా? — ఒక పాఠకులు, సన్నీవేల్

జవాబు: ఉంది. హంబోల్ట్ కౌంటీలో కింగ్ రేంజ్ అనే ప్రాంతాన్ని లాస్ట్ కోస్ట్ అంటారు. సముద్రానికి మూడు మైళ్ల దూరంలోనే 4,088 అడుగుల కింగ్ శిఖరం లేస్తుంది; అంతటి నిటారు నేలలో రోడ్డు వేయలేక హైవే 1ని అక్కడ లోపలికి మళ్లించారు. మెటోల్ నది ముఖద్వారం నుంచి షెల్టర్ కోవ్ దగ్గరి నల్ల ఇసుక తీరం వరకు సుమారు 25 మైళ్లు, సాధారణంగా మూడు రాత్రుల నడక. గాలి ఎక్కువగా వాయవ్యం నుంచి వీస్తుంది కాబట్టి ఉత్తరం నుంచి దక్షిణానికి నడిస్తే వీపున ఉంటుంది. పోటు వేళ దాటరాని భాగాలు ఇక్కడ ఒక్కొక్కటి నాలుగేసి మైళ్ల పొడవుంటాయి: సీ లయన్ గల్చ్ నుంచి రాండల్ వాగు వరకు ఒకటి, మిల్లర్ ఫ్లాట్‌కు దక్షిణంగా గిచెల్ వాగు వరకు మరొకటి. ఒలింపిక్ తీరంలో కొమ్ము దాటడానికి అరగంట చాలిన సందర్భాలున్నాయి. ఇక్కడ గట్టుకు, నీటికి మధ్య మూడు గంటలు నడవాలి. ఆ కారణంగా దీనిని మొదటి తీరనడకగా నేను సూచించను. అనుమతి, గట్టి డబ్బా ఇక్కడా తప్పనిసరి. చలికాలపు వానలకు వాగులు దాటరానంతగా పొంగుతాయి.

మరొకటి: పాయిజన్ ఓక్ అనే పొద. మూడేసి ఆకుల గుత్తులతో ఉంటుంది. జీడిపిక్క తొక్కలోని చమురు తగిలితే చర్మం ఎలా పొక్కుతుందో మన తీరజిల్లాలవారికి తెలుసు. ఈ పొద కూడా జీడిమామిడి కుటుంబానిదే, చేసే పనీ అదే.  

ప్రశ్న: మా అమ్మానాన్నలు హైదరాబాదు నుంచి వస్తున్నారు. వయసు డెబ్బైకి దగ్గర, మోకాళ్ల నొప్పులు. వారికీ ఆ తీరం చూపించాలని ఉంది. — ఒక పాఠకులు, బోథెల్

జవాబు: డేరాలు వద్దు. ఫోర్క్స్ పట్టణంలో గది తీసుకొని పాటు వేళకు రియాల్టో బీచ్‌కు కారులో వెళ్లండి. కారు దిగిన చోటి నుంచే సముద్రపు రాతిస్తంభాలు కనిపిస్తాయి. ఓపిక ఉన్నవారు ఒకటిన్నర మైళ్లు ఉత్తరంగా నడిస్తే, అలలు తొలిచిన రాతిగుమ్మం దగ్గరికి చేరవచ్చు. గులకరాళ్లలో కాళ్లు కూరుకుపోతాయి కాబట్టి చేతికర్రలు ఇవ్వండి. ఆ ప్రాంతంలో ఏడాదికి దాదాపు 2,500 మిల్లీమీటర్ల వాన పడుతుంది, విశాఖకు రెట్టింపు కన్నా ఎక్కువ. జూలై, ఆగస్టు నెలలు కొంత నయం. అప్పుడు కూడా స్వెటర్లు, వాన కోట్లు ఉండాలి. చీర కుచ్చిళ్లు తడిస్తే ఆరవు.

ప్రశ్న: ఓజెట్ దగ్గర పాత ఊరు బయటపడిందని చదివాను. చూడవచ్చునా? రాతిబొమ్మలు ఎక్కడున్నాయి? — ఒక చరిత్ర అధ్యాపకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: అది మాకా తెగవారి ఊరు. వారు తిమింగిలాల వేటలో ఆరితేరినవారు. కొన్ని శతాబ్దాల కిందట గట్టు జారి బురద ఇళ్లను నిండా కప్పివేసింది. ఆ బురదలో గాలి చొరనందువల్ల చెక్క పెట్టెలు, బుట్టలు, తాళ్లు, నేతబట్టలు కూడా చెడిపోకుండా నిలిచాయి. 1970లో తుపాను అలలు గట్టును కోసినప్పుడు అవి బయటపడ్డాయి. తెగపెద్దలు పురావస్తు శాస్త్రవేత్తలను పిలిపించి, పదకొండేళ్లపాటు తవ్వకం జరిపించి, 55,000కు పైగా వస్తువులను వెలికితీయించారు. వాటిని బయటి మ్యూజియములకు తరలించనివ్వకుండా నియా బేలో తమ సొంత మ్యూజియమును 1979లో తెరిచారు. తవ్వకం జరిగిన చోటును తిరిగి పూడ్చివేశారు కాబట్టి కేప్ అలావా దగ్గర ఇప్పుడు చూడడానికి ఏమీ లేదు. నియా బేకే వెళ్లాలి. ఆ ప్రయాణంలో మాకా భూమిలోంచి షై షై తీరానికి నడవదలచుకుంటే వారి పాసు వేరుగా కొనాలి.

రాతిబొమ్మలు కేప్ అలావాకు, శాండ్ పాయింట్‌కు మధ్య వెడ్డింగ్ రాక్స్ అనేచోట ఉన్నాయి. తిమింగిలాలు, మనిషి ముఖాలు, ఒక తెరచాప ఓడ కూడా చెక్కి ఉన్నాయి. ఓడ ఉందంటే అది తెల్లవారు వచ్చిన తరువాతిదని మీకు వెంటనే తోచే ఉంటుంది. వాటిని తాకడం, సుద్దతో గీయడం, కాగితం పెట్టి అచ్చు తీయడం చేయరాదు.

ఈ తీరం ఇంకా ఇలా ఉండడానికి ఒక నడక కారణమని కూడా మీ విద్యార్థులకు చెప్పవచ్చు. 1950లలో ఇక్కడ తీరం వెంట హైవే వేయాలన్న ప్రతిపాదన వచ్చింది. అమెరికా సుప్రీంకోర్టు న్యాయమూర్తి విలియం ఒ. డగ్లస్ 1958 ఆగస్టులో డెబ్బై మందిదాకా వెంటబెట్టుకొని, కేప్ అలావా నుంచి రియాల్టో బీచ్ వరకు మూడు రోజులు నడిచి నిరసన తెలిపారు. హైవే రాలేదు. పదవిలో ఉన్న న్యాయమూర్తి అలా వీధిలోకి, కాదు తీరంలోకి, రావడం సబబేనా అన్నది వేరే చర్చ.

ప్రశ్న: ఒలింపిక్ తీరపు దక్షిణ భాగంలో తాడు నిచ్చెనలు ఎక్కాలని విన్నాను. పదేళ్ల పిల్లవాడు ఎక్కగలడా? — ఒక పాఠకులు, వాంకూవర్, వాషింగ్టన్

జవాబు: థర్డ్ బీచ్ నుంచి దక్షిణంగా ఆయిల్ సిటీ వరకు 17 మైళ్ల దారి అది. (ఆయిల్ సిటీలో ముడిచమురు లేదు, ఊరూ లేదు, ఒకప్పుడు చమురు పడుతుందని ఆశపడినవారు పెట్టిన పేరు.) టేలర్ పాయింట్ వంటి కొమ్ములను ఏ పాటులోనూ చుట్టి రాలేము. అందుచేత గట్టుకు తాళ్లతో కట్టిన చెక్కమెట్ల నిచ్చెనలు, పట్టుకొని ఎక్కే తాళ్లు అమర్చారు. పిల్లవాడు ఎక్కగలడు, సంచి బరువు లేకుండా. ముందు ఒక పెద్దవారు ఎక్కి, తరువాత పిల్లవాడిని రానిచ్చి, మరొక పెద్దవారు కింద ఉండి, చివరికి సంచులను తాడుతో పైకి లాగండి. నిచ్చెన మీద ఒకేసారి ఒక్కరే ఉండాలి. చేతికి తొడుగులు ఇవ్వండి, తాళ్లు బురదతో జారుతుంటాయి. తలకు పైన రాళ్లు రాలుతాయి కాబట్టి కింద ఉన్నవారు నిచ్చెనకు పక్కగా నిలబడాలి. ఎక్కే ముందు మెట్లను, తాడును చూడండి. చలికాలపు తుపానులకు తెగినవి ఒక్కొక్కప్పుడు మరమ్మతుకు ఆలస్యమవుతాయి. బయలుదేరేముందు పోర్ట్ ఏంజెలెస్‌లోని పార్కు సమాచార కేంద్రంలో అడిగితే ఆనాటి పరిస్థితి చెబుతారు. పదేళ్లవాడితో అయితే టోలియాక్ పాయింట్ వరకు వెళ్లి అక్కడే రెండు రాత్రులు ఉండి, వచ్చిన దారినే తిరిగి రండి. ఇంకా దక్షిణానికి వెళ్తే గుడ్‌మన్ వాగు, మస్కిటో వాగు దాటాలి. వాన కురిసిన మర్నాడు వాటిలో నీరు పిల్లవాడి నడుము దాటుతుంది.